మంచులో పెద్దింట్లమ్మ వాటా

బందరు కోనేరు సెంటర్లో ఆటో దిగి తల పైకెత్తేసరికి నాకు ఒళ్ళు భగ్గున మండింది. ఎదురుగా మేడంత ఫ్లెక్సీ. దాని మీద తెల్లటి మంచు కొండ. ఆ కొండ వాలు మీద, కాళ్ళకు స్కీ బద్దలు తగిలించుకుని, ఎర్ర స్వెట్టరు మీద చీర కొంగు బిగించి, నోరంతా తెరిచి నవ్వుతూ జారుతున్న ఒక ఆడమనిషి. కింద పెద్ద అక్షరాలతో ‘వయసుతో పనేముంది? అమ్మమ్మలు కూడా స్కీయింగ్ చేసే టూరు మాదే! త్వరపడండి’ అని ఉంది. ఆ పక్కనే రెండు చేతులూ జోడించి టూర్ల యజమాని నాగేంద్రబాబు బొమ్మ. ఆమె బొమ్మ కంటే పెద్దది.

ఆ ఆడమనిషి పేరు మాత్రం ఫ్లెక్సీలో ఏ మూలా లేదు.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఆ ఫొటో వెనక ఏం జరిగిందో నాకు తెలుసు. ఆమె ఆ వాలు మీద కాలు పెట్టకుండా చూడడానికి ఈ చేతులు జోడించిన పెద్దమనిషి ఎంత చెయ్యాలో అంతా చేశాడు. నేను అక్కడే ఉండి కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

నా పేరు సూర్యకుమారి. మాది గుడివాడ. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. గుడివాడ నుంచి బందరు, బంటుమిల్లి వెళ్ళే రూట్లలో నన్ను ఎరగనివాళ్ళు తక్కువ. నా నోటిని ఎరగనివాళ్ళు అసలు లేరు. కండక్టరు ఉద్యోగం చేసినవాళ్ళకు ఒక అలవాటు వదలదు. ఏ గుంపును చూసినా, సీటులో కూర్చున్నదెవరు, నిలబడి వస్తున్నదెవరు అని ముందు కళ్ళు వెతుకుతాయి. కిందటి చలికాలం నాగేంద్రబాబు టూరులో హిమాచల్ వెళ్ళినప్పుడు కూడా అంతే. అందరికీ సీట్లున్నాయి. నిలబడి ఉన్నది ఒక్క వంటామె.

నాగేంద్రబాబు వ్యాపారం నడిచేదే వంట మీద. మన జనం కాశీ వెళ్ళినా కాశ్మీరం వెళ్ళినా నాలుక మాత్రం కృష్ణాజిల్లా దాటి రాదు. రెండో రోజుకే రొట్టెలు చూస్తే ఏడుపొస్తుంది. అందుకని ఆయన గుండిగలు, గరిటెలు, సన్నబియ్యం, ఆవకాయ జాడీలతో పాటు ఒక వంటమనిషిని కూడా బస్సెక్కిస్తాడు. ఆ వంటమనిషే పెద్దింట్లమ్మ. టూరులో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు. ‘వంటామె’ అన్నారు, ‘ఇదిగో ఏమ్మా’ అన్నారు. నాగేంద్రబాబు మాత్రం నోరారా ‘అక్కా’ అనేవాడు. ఆ పిలుపు చూసి నేను కూడా మొదట మంచివాడే అనుకున్నాను.

మేం దిగింది ఒక చిన్న రిసార్టు. పెద్ద పేరున్నది కాదు కాబట్టి రద్దీ లేదు. దేవదారు చెట్ల మధ్య మెత్తటి వాలు, పసిపిల్లలైనా ముసలివాళ్ళైనా పడినా దెబ్బ తగలనంత మెత్తన. స్కీయింగ్ నేర్పేవాళ్ళు చెయ్యి పట్టుకుని మరీ నడిపిస్తారు. పిల్లలతో వచ్చిన కుటుంబాలే ఎక్కువ. గోల లేదు, పాటల మోత లేదు. మంకీ క్యాపులు పెట్టుకున్న మన తెలుగువాళ్ళు వచ్చాకే అక్కడ కాస్త సందడి మొదలైంది.

వంట మాత్రం రిసార్టు వెనక, బస్సులు నిలిపే చోట, ఒక రేకుల షెడ్డులో. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. మొదటి సాయంత్రం వేడినీళ్ళ కోసమని వెళ్ళి, ఆమె ఒక్కతే గుండిగతో కుస్తీ పడుతుంటే చూడలేక, కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను. అలా తెలిసింది ఆమె కథ.

వాళ్ళది దివిసీమలో పాలకాయతిప్ప దగ్గర ఊరు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. భర్త అంకమ్మరావు చేపల వేటకు వెళ్తాడు. ఆమె పెళ్ళయిన నాటి నుంచి నెత్తిన చేపల గంప పెట్టుకుని కోడూరు, అవనిగడ్డ వీధులన్నీ తిరిగింది. మోకాళ్ళు అరిగాక పెళ్ళిళ్ళలో వంటకు కుదిరింది. ఒక పెళ్ళిలో ఆమె చేతి చేపల పులుసు తిన్న నాగేంద్రబాబు ఆకు ముందు నుంచి లేవకుండానే ఆమెను టూర్లకు మాట్లాడుకున్నాడట. ఆరేళ్ళుగా ప్రతి చలికాలం ఈ కొండకే వస్తోంది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మంచు వాలు మీద అడుగు పెట్టలేదు.

“ఎందుకు పెట్టలేదు?” అన్నాను.

“వంటవ్వాలి గదండీ,” అంది.

షెడ్డు మూల రేకుకు ఒక సందుంది. అందులోంచి చూస్తే వాలు కాస్త కనిపిస్తుంది. గరిటె పక్కన పెట్టి ఆ సందు చూపించింది.

“మా ఊళ్ళో ఆడది వేటపడవ ఎక్కకూడదండీ. చిన్నప్పట్నుంచీ గట్టున నుంచుని చూస్తానే ఉన్నాను. పడవ కెరటం మీదకెక్కుద్ది, జర్రున జారుద్ది, మళ్ళీ ఎక్కుద్ది. మగోళ్ళు ‘ఓ’ అని కేకలేస్తారు. అదెట్టా ఉంటదో అని మా నాన్నని అడిగితే, నీకెందుకే అన్నాడు. మా ఆయన్ని అడిగితే నవ్వాడు. ఇక్కడికొచ్చిన మొదటేడు ఈ సందులోంచి ఒకావిణ్ణి చూశాను. నాకంటే పెద్దది, జుట్టంతా నెరిసిపోయింది. అట్టాగే జర్రున జారతా నవ్వుతుంది. అప్పట్నుంచీ నాకు అదే యావ. ఒక్కసారి ఎక్కితే చాలండీ.”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈమె అడుగుతూనే ఉంది. ఏటా అడిగింది. ఏటా ఆయన “వచ్చే ఏడు తప్పకుండా అక్కా” అన్నాడు. ఈసారి బయలుదేరే ముందు కొత్త కబురు చెప్పాడట. వచ్చే ఏటి నుంచి హోటలు భోజనమేనని, వంటమనిషి అక్కర్లేదని. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. అంటే ఆమెకు ఇదే ఆఖరి మంచు.

అందుకే బందరులో బస్సు ఎక్కేటప్పుడు ఆమె మెట్టు మీద కాలు పెట్టలేదు. నాకప్పుడు గుర్తొచ్చింది. “ఈసారి నన్ను జారనిస్తానని పదిమందిలో చెప్తేనే ఎక్కుతాను బాబూ” అని నిలబడింది. నాగేంద్రబాబు గుండె మీద చెయ్యేసుకుని, “ఇంతమంది సాక్షి అక్కా, స్కీయింగ్ రోజున మీరు కూడా మాతోనే” అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఎవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు, చప్పట్లు కొట్టి సీట్లు వెతుక్కున్నాం.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దింట్లమ్మ పెందలాడే ఉప్మా చేసి పెట్టేసింది. మధ్యాహ్నానికి వంకాయ ఎండురొయ్యల కూర. ఊరి నుంచి తెచ్చిన ఎండురొయ్యలు ముందే వేయించి ఉంచింది, నేను వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేశాను. తను ఒక గంట వాలు మీదకు వెళ్ళొచ్చినా ఎవరి కడుపూ మాడకుండా అన్నీ చూసుకుంది. కూతురి దగ్గర అడిగి తెచ్చుకున్న ఎర్ర స్వెట్టరు వేసుకుని, కొంగు బిగించి, రిసార్టు ముందుకొచ్చి నిలబడింది. ఆరేళ్ళలో ఆమె ఆ ముందు వైపుకు రావడం అదే మొదటిసారట.

నాగేంద్రబాబు స్కీ సామాను ఇప్పించే చీటీలు పంచుతున్నాడు. అందరికీ అందాయి. ఆమె దగ్గరికొచ్చేసరికి చేతులు ఖాళీ.

“అక్కా, చిన్న ఇబ్బందొచ్చింది. జీవన్ కుమార్ గారు ఒంటిగంటకల్లా భోంచెయ్యాలి, షుగరు. మీరు ముందు కూర దింపేయండి. సాయంత్రం చూద్దాం.”

సాయంత్రం ఏం చూస్తాడు? ఎండ దిగితే వాలు మూసేస్తారని మొదటి రోజే మాకందరికీ చెప్పారు. అది ఆయనకు తెలియదా? పెద్దింట్లమ్మ వెనక్కి తిరిగి షెడ్డు వైపు నడిచింది. నా ఒంట్లో రక్తం తలకెక్కింది.

“నాగేంద్రబాబు గారూ, ఆగండి. బస్సు ముందర మాటిచ్చారా లేదా?”

“ఇచ్చానండీ. కాదన్లేదు. కానీ ఆవిడ ప్యాసింజరు కాదు గదా, స్టాఫ్.”

“స్టాఫ్‌కి ఇచ్చింది మాట కాదా? నోటిమాట కూడా సీటు చూసి ఇస్తారా?”

జీవన్ కుమార్ గారు రిటైరైన ఆఫీసరు. ఆయన గ్లవుజులు తొడుక్కుంటూ కల్పించుకున్నారు. “పనివాళ్ళని మరీ నెత్తినెక్కించుకోకూడదమ్మా. ఎవరి పని వాళ్ళు చేసుకుంటేనే టూరు సజావుగా నడుస్తుంది.”

“మీ పనేంటండీ ఇక్కడ?” అన్నాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు.

నాగేంద్రబాబు నవ్వుతూనే, “కూసే గాడిదొచ్చి మేసే గాడిదని చెడగొట్టిందని...” అని గొణిగాడు. అది విన్నాక నేను ఏమన్నానో ఇక్కడ రాయను. బస్టాండులో నలుగురికీ తెలిసిన మాటలే. మా గుంపులో కొందరు నన్ను సముదాయించడానికి వచ్చారు. “పోనీలెండి, చిన్న విషయానికి ఎందుకండీ గొడవ” అన్నారు. పదిమంది ముందు ఒక ఆడమనిషికి ఇచ్చిన మాట తుంగలో తొక్కితే చిన్న విషయం, దాని గురించి నేను అరిస్తే గొడవ! నా ఉద్యోగంలో కూడా ఇదే చూశాను. కాలు తొక్కినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, ‘అబ్బా’ అన్నవాణ్ణి చూసి విసుక్కుంటారు.

ఈ రభసలో పెద్దింట్లమ్మ మళ్ళీ వచ్చింది. చేతిలో గరిటె ఉంది. పొయ్యి ఆపేసి వచ్చింది. గొంతు పెంచలేదు గానీ ఆమె మాట అందరికీ వినపడింది.

“బాబూ, మా ఆయన మొదట్లో పడవలో వంటోడు. వల లాగలేదు, చుక్కాని పట్టలేదు. అన్నం వండేవోడు, అంతే. ఒడ్డుకొచ్చాక పంచుకునేటప్పుడు పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. వల లాగినోడికెంతో వండినోడికీ అంతే. ఆ వాటాతోనే నా పిల్లలు పెరిగారు. ‘నువ్వు వంటోడివి గదా, నీకెందుకు’ అని సముద్రం మీద ఎవుడూ అన్లేదు. ఆరేళ్ళ నుంచి మీ అందరికీ వండతన్నాను. ఈ మంచులో నా వాటా ఏది?”

జీవన్ కుమార్ గారు గ్లవుజు సర్దుకోవడం ఆపేశారు. నాగేంద్రబాబు “అది కాదక్కా, అది కాదక్కా” అంటూ ఉండిపోయాడు. అదేదో చెబితే గదా!

అప్పుడు ఖాతూన్ ముందుకొచ్చింది. బందరులో రోల్డుగోల్డు గాజులకు మెరుగు పెట్టే పని చేస్తుంది, పిల్లల్నీ భర్తనూ తీసుకుని టూరుకొచ్చింది. శాలువాలోంచి తన చీటీ తీసి పెద్దింట్లమ్మ చేతిలో పెట్టింది.

“నాది తీస్కో వదినా. నాకివాళ మోకాళ్ళు బాలేదు. నీ పొయ్యి నేను చూస్తాలే.”

ఆ పొద్దున్నే ఆమె చిన్నపిల్లాడి వెనక మెట్లన్నీ పరుగున ఎక్కడం నేను చూశాను. మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ఆ అబద్ధానికి మాత్రం నేను మనసులోనే దండం పెట్టాను.

స్కీ బూట్లు రాతి చెప్పుల్లా ఉన్నాయి. నేను కూడా తొడుక్కున్నాను గానీ నా సంగతి ఎందుకు, నిలబడ్డ చోటే కూలబడ్డాను. పెద్దింట్లమ్మ మాత్రం బద్దలు తొడుక్కోబోయే ముందు వంగి వాటి ముక్కుల్ని తాకి కళ్ళకద్దుకుంది. వాళ్ళ ఊళ్ళో పడవను నీళ్ళలోకి తోసే ముందు మగవాళ్ళు చేసే పని అది. నేర్పే అబ్బాయికి తెలుగు రాదు, ఆమెకు హిందీ రాదు. అతను మోకాళ్ళు వంచి చూపిస్తే ఆమె వంచింది.

మొదటిసారి రెండడుగులు జారి వెల్లకిలా పడింది. “చెప్పానా!” అన్నారు జీవన్ కుమార్ గారు వెనక నుంచి. రెండోసారి బోర్లా పడింది, నోటి నిండా మంచు. ఉమ్మేసి లేచింది. మూడోసారి అతను చెయ్యి వదిలేశాడు. ఆమె జారింది. కొంగు ఎగురుతోంది, చేతులు రెండూ చాపింది, వాలు కింద దాకా ఎక్కడా ఆగలేదు. మధ్యలో ఒక్క కేక వేసింది. “ఓ!” అని. సముద్రం మీద మగవాళ్ళు వేసే కేక. ఆ కొండల్లో అది రెండుసార్లు మోగింది.

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నేను తేలిగ్గా ఏడ్చే మనిషిని కాను. సంతోషం వల్ల వచ్చాయో, ఈ పాటి దానికి ఒక మనిషిని ఆరేళ్ళు రేకు సందులోంచి చూడనిచ్చారే అన్న కోపం వల్ల వచ్చాయో ఇప్పటికీ చెప్పలేను. కోపమే ఎక్కువనుకుంటాను.

అప్పుడే నాగేంద్రబాబు ఫోను తీసి, “ఇంకోసారి జారండక్కా, నవ్వండి” అంటూ ఫొటోలు తీశాడు. మనసు కరిగింది కాబోలు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ రోజు భోజనాలు ఆలస్యమయ్యాయి. ఎవరూ చావలేదు. జీవన్ కుమార్ గారు రొయ్యల కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. నాగేంద్రబాబు పళ్ళెం పట్టుకుని వరసలో చివర నిలబడితే, పెద్దింట్లమ్మ అందరితో సమానంగా వడ్డించింది. “ఆయనకి అన్ని రొయ్యలెందుకు?” అన్నాను నేను. “పోట్లాడుకున్నా వాటా ఆపకూడదండీ” అంది.

అదీ ఆ ఫొటో సంగతి. ఇక మళ్ళీ కోనేరు సెంటరుకు వద్దాం. నేను ఆ ఫ్లెక్సీని నా ఫోనులో ఫొటో తీసుకుని, వచ్చిన పని వదిలేసి, అవనిగడ్డ బస్సెక్కాను. అక్కడి నుంచి కోడూరు, కోడూరు నుంచి ఆటో. వెళ్ళేసరికి పెద్దింట్లమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. అంకమ్మరావు వల బాగుచేసుకుంటున్నాడు. ఫోను చూపించాను.

“ఇది నేనేనా!” అని పడీ పడీ నవ్వింది. భర్తను పిలిచి చూపించింది. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసి, “బాగానే నిలదొక్కుకున్నావే” అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది. తర్వాత ఫోను మళ్ళీ తీసుకుని, కింద అక్షరాలు నన్ను చదవమంది. చదివాను.

“నా పేరు లేదా?”

“లేదు.”

“ఈ ఏడు నన్ను రమ్మనలేదు గదండీ. హోటలు తిండి అన్నాడుగా.”

“అవును.”

“అయితే మన వల్లో పడ్డ చేప ఆయన గంపలో ఉందన్నమాట.”

నేను పోలీసు రిపోర్టు ఇద్దామన్నాను, పేపరువాళ్ళకు చెబుదామన్నాను, ఫ్లెక్సీ చింపేస్తానన్నాను. ఆమె అన్నీ విని, చేతులు కడుక్కుని, “ఆయన కొట్టు బందర్లోనేగా ఉంది. పదండి” అంది.

నాగేంద్రబాబు ఆఫీసు నిండా జనం. సీట్లు మాట్లాడుకోవడానికి వచ్చిన కుటుంబాలు. మమ్మల్ని చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. “రండక్కా! చూశారా, మీరు ఫేమస్ అయిపోయారు!”

ముందు వరసలో కూర్చున్న ఒకావిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. “ఫొటోలో ఉన్నది ఈవిడేనా? మాతో వస్తారా అండీ? మా అత్తగారు మీ బొమ్మ చూసే బయలుదేరతానన్నారు.”

“ఎందుకు రారండీ, వస్తారు! వంటంతా ఈవిడ చేతి మీదే,” అన్నాడు నాగేంద్రబాబు, రెప్ప కొట్టకుండా. వంటమనిషి అక్కర్లేదన్న నోటితోనే. నేను నోరు తెరవబోయాను. పెద్దింట్లమ్మ నా చెయ్యి నొక్కింది.

“వంటకి కాదు బాబూ,” అంది. “సీటుకి.”

“అక్కా, అలా లోపలికి రండి, మాట్లాడుకుందాం.”

“ఇక్కడే మాట్లాడుకుందాం. ఇదివరకు మాటిచ్చింది పదిమందిలోనేగా. నా బొమ్మ చూసి నీ బస్సు నిండతంది. నేను డబ్బులడగట్లా. పడవ నిండినప్పుడు మనిషికి రావాల్సిన వాటా అడుగుతున్నా. ఒక సీటు. అందరితో పాటు టిఫిన్ తిని, అందరితో పాటు జారతాను. గరిటె ముట్టుకోను.”

కూర్చున్నవాళ్ళంతా నాగేంద్రబాబు వంకే చూస్తున్నారు. ఆయన మొహాన నవ్వు అలాగే ఉంది గానీ చెమటలు పట్టాయి.

“సరే అక్కా, సీటే. మీకు కాకపోతే ఇంకెవరికిస్తాను? కానీ మనవాళ్ళు హోటలు తిండి తినరే. మరి వంటెవరు చేస్తారు?”

“వండినోళ్ళకి కూడా వాటా ఉంటదని ముందే చెప్పు బాబూ. ఎవరో ఒకరు వస్తారు.”

నాగేంద్రబాబు కుర్చీలో కూర్చుని పుస్తకం తీశాడు. పెన్ను మూత తీసి, తల పైకెత్తకుండా అడిగాడు. “మీ పేరు... పూర్తి పేరేంటక్కా?”

ఆరేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నాడు. ఆమె బొమ్మ సెంటర్లో కట్టాడు. ఇప్పుడడుగుతున్నాడు పేరు! నాకు ఎక్కడో కాలింది. గట్టిగా అనబోయాను. ఈలోపు ఆమే కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

“కొక్కిలిగడ్డ పెద్దింట్లమ్మ,” అంది. “కిటికీ పక్కన రాయి.”